ఎడమ సీటులో మౌనవ్రతం

మే 16, శుక్రవారం. ఇల్లు, ల్లాన్‌డైలో

రేపే ప్రయాణం. నేను, నా భార్య హైల్వెన్, ఆమె తమ్ముడు ఐవర్ దగ్గర అరువు తెచ్చుకున్న క్యాంపర్ వ్యాను. పడక అందులోనే, పొయ్యి అందులోనే, కిందికి మడిస్తే బల్ల, పైకి ఎత్తితే నా నెత్తికి బొప్పి. ముందు వేల్స్ సముద్రతీరం వెంబడి ఉత్తరానికి, ఆ తర్వాత కొండల్లోకి. రెండు వారాలు.

నడిపేది హైల్వెన్. నేను కాదు.

ఫిబ్రవరిలో వంటింట్లో టీ కలుపుతూ కింద పడ్డాను. మెదడులో చిన్న రక్తపు గడ్డ అన్నారు. చెయ్యి తిరిగొచ్చింది, కాలు తిరిగొచ్చింది, మాట అందరికంటే ముందు తిరిగొచ్చింది. ఎడమవైపు చూపు దెబ్బతిందన్నారు. బాగానే ఉంది, నాకంతా కనిపిస్తోంది. హైల్వెన్‌కి కూడా అదే చెప్పాను. జూన్‌లో కంటి పరీక్ష, అంతదాకా స్టీరింగు ముట్టుకోకూడదు. ముప్ఫై ఏళ్ళపాటు కార్మార్థన్‌లో జనానికి డ్రైవింగు పరీక్ష పెట్టి లైసెన్సులిచ్చినవాణ్ణి. ఇవ్వని సందర్భాలే ఎక్కువనుకోండి. ఇప్పుడు నాకే లేదు. నా దగ్గర తప్పినవాళ్ళు ఊళ్ళో ఎదురైతే ప్రేమగా పలకరిస్తున్నారు.

హైల్వెన్ ఒకే షరతు పెట్టింది.

"నా డ్రైవింగు గురించి ఒక్క మాట అన్నావంటే అక్కడే బండి తిప్పి ఇంటికి తెచ్చేస్తాను, గోరొన్వీ."

"ఒక్క మాటా అనను."

"పెళ్ళైన మరుసటి నెల కూడా ఇలాగే అన్నావు. ఆ తర్వాత నువ్వున్న బండిని నేను ముట్టుకోలేదు."

ప్రతిజ్ఞ: రెండు వారాలు నోరు మూసుకుంటాను. నవ్వుతూ మూసుకుంటాను. కిటికీలోంచి ప్రకృతిని చూస్తాను.

మే 17, శనివారం. అబెరైరోన్

మొదటి రోజు. ఘనవిజయం.

కష్టమనిపించనే లేదు. పరీక్ష పెట్టేవాడు ఎక్కడ మాట్లాడతాడు? "ముందు కుడికి తిరగండి" అంటాడు, తర్వాత ఎదుటివాడి మెడ మీద చెమట చూస్తూ కూర్చుంటాడు. ముప్ఫై ఏళ్ళు మౌనానికే జీతం తీసుకున్నాను. నాకు రెండు వారాలొక లెక్కా?

హైల్వెన్ బాగానే నడిపింది. ఎందుకు నడపదు? పాతికేళ్ళు పల్లెటూళ్ళకి గ్రంథాలయం వాళ్ళ పుస్తకాల బండి తోలిన మనిషి. దాని పక్కన ఈ వ్యాను అగ్గిపెట్టె. కాకపోతే పుస్తకాలకి తొందరుండదు. ఆ అలవాటు ఈవిడకింకా పోలేదు. రోడ్డు మీద 'నెమ్మది' అని తెల్లరంగుతో రాసి ఉంటే, అది తన పేరు పెట్టి రాసినట్టే నెమ్మదిస్తుంది. వెనక ఊరేగింపులా కార్లు. నేనేమీ అనలేదు. ప్రకృతి చూశాను.

దారి పొడుగునా సముద్రమే అన్నారు గాని, పెద్దగా కనిపించలేదు. మంచు పట్టి ఉంటుంది.

"ఎంత నీలంగా ఉందో చూశావా?" అంది హైల్వెన్.

"ఊ."

రేవు దగ్గర రంగురంగుల ఇళ్ళ ఎదుట కూర్చుని వేయించిన చేప, బంగాళాదుంప ముక్కలు తిన్నాం. దుకాణంవాడు పిసినారి. నాలుగంటే నాలుగు ముక్కలు వేశాడు. ఇంకా ఆకలి తీరలేదన్నాను. హైల్వెన్ మారుమాట లేకుండా నా పళ్ళెం సగం చుట్టు తిప్పింది. చూస్తే ఇంకో రెండు గుప్పిళ్ళున్నాయి. ఎప్పుడు వేసిందో.

ఆమె నన్నొక చూపు చూసింది. నేను సీగల్ పక్షిని చూశాను.

మే 18, ఆదివారం. అబెరిస్ట్విత్

రెండో రోజూ విజయమే. ఒక చిన్న వివాదం.

ఊళ్ళోకి దిగే వాలులో బస్సు వెనక ఆగాం. హైల్వెన్ నా ఇష్టం కంటే కాస్త ఆలస్యంగా బ్రేకు వేసింది. నేనేమీ అనలేదు. ఇది గమనించాలి. ఒక్క అక్షరం కూడా అనలేదు.

"ఆ కాలేమిటి?" అంది.

"ఏ కాలు?"

"నీ కుడికాలు. పొద్దుట్నుంచీ నేలని తొక్కుతున్నావు. ఐవర్ బండికి బొక్కపడుతుంది."

"తిమ్మిరి."

"ముక్కుకి కూడా తిమ్మిరేనా? మలుపు వచ్చినప్పుడల్లా సైకిలు ట్యూబులా గాలి పీలుస్తున్నావు."

మా ప్రతిజ్ఞలో ఉన్నది మాటల గురించి. కాళ్ళ గురించి, ముక్కుల గురించి ఏమీ లేదు. ఈ సంగతి శాంతంగా వివరించాను. ఆమె దానికంటే శాంతంగా వింది. అది మంచి సూచన కాదు.

సాయంత్రం సముద్రపు ఒడ్డున నడక. చివరిదాకా వెళ్ళి అక్కడి ఇనుప కడ్డీని కాలితో తన్ని వెనక్కి రావాలి, ఈ ఊరి ఆచారం అది. నేను తన్నబోయి గురి తప్పి గాలిని తన్నాను. పడబోతే హైల్వెన్ పట్టుకుంది.

"కొత్త బూట్లు," అన్నాను.

"అవి పాత బూట్లే," అంది.

మే 19, సోమవారం. దయ్యం వంతెన

ఒకదాని మీద ఒకటి మూడు వంతెనలు. అడుగునున్నది దయ్యం కట్టిందట. పైనున్నది ప్రభుత్వం కట్టింది. దయ్యానిదే నాణ్యంగా ఉంది.

ఇక నిన్నటి విషయం. కాలూ ముక్కూ నిషేధం. సరే, దానికీ ఒప్పుకున్నాను. కానీ మనిషి లోపల ఉన్నది ఎటు పోవాలి? మూడు దశాబ్దాలు తప్పులు లెక్కపెట్టిన బుర్ర, సెలవులని చెబితే వింటుందా? అందుకే ఒళ్ళో చేతులు పెట్టుకుని వేళ్ళు ముడిచాను. అద్దం చూడలేదు, చిటికెన వేలు. మలుపులో గేరు ఆలస్యం, ఉంగరపు వేలు. గొర్రెకి దారివ్వడంలో అతి మర్యాద, మధ్య వేలు.

ఆ మధ్యవేలు దగ్గరే దొరికిపోయాను.

"ఎన్నయ్యాయి?" అంది రోడ్డు మీంచి కళ్ళు తీయకుండా.

"ఏవి?"

"నా తప్పులు."

"చిన్నవే."

"పాసా, ఫెయిలా?"

నా ఖర్మ కాకపోతే ఏం చెప్పాలి దానికి. ఒక్క క్షణం ఆలోచించాను. ఆ క్షణం ఆలోచించడమే తప్పు.

మిగిలిన దారంతా ఆమె మౌనవ్రతం పట్టింది. ఆ విద్యలో నాకంటే ఆమెకే ప్రతిభ ఎక్కువ.

సవరించిన ప్రతిజ్ఞ: నోరు, కాళ్ళు, ముక్కు, వేళ్ళు. కనుబొమ్మల మీద చర్చలు సాగుతున్నాయి.

మే 20, మంగళవారం. అక్కడే

వాన. బండి కదల్లేదు. ఆమె డ్రైవింగు గురించి ఒక్క మాటా అనలేదు.

పేకాటలో ఓడిపోయాను. చేతిలో ఎడమ చివరన రాజు ఉన్నాడట, చూసుకోలేదు. పేకముక్కలు పాతవి, అంచులు అరిగిపోయాయి.

మే 21, బుధవారం. మహంఖ్లెత్

ఒక్క మాట. ఒకే ఒక్క మాట. దాన్ని మాటంటారో లేదో కూడా నాకు సందేహమే.

ఊరి నడిబొడ్డున గడియారపు గోపురం. అక్కడ మూడు దారులు కలుస్తాయి, బుధవారం సంత. ఎదురుగా లారీ, పక్కన ముసలమ్మ, ముసలమ్మ చేతిలో కోళ్ళగంప. బండి గుర్రుమంది. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"క్లచ్."

హైల్వెన్ ఇంజను ఆపేసింది. పక్కకి తీసి కాదు. అక్కడే, నడిబొడ్డున. లారీ ఆగింది. ముసలమ్మ ఆగింది. కోళ్ళు కూడా మా వంకే చూస్తున్నట్టనిపించింది.

"ఏమన్నావు?"

"క్లచ్ అనేది మాట కాదు, హైల్వెన్. అదొక వస్తువు పేరు. నేను 'చెట్టు' అన్నాననుకో..."

"ఇంటికి పోదాం."

"వెనకాల జనం ఉన్నారు."

"ఉండనీ. చూస్తారు."

లారీ వాడు తల బయటపెట్టాడు. "అమ్మా, కాపురం తర్వాత చక్కబెట్టుకుందురు గాని, ముందు నాకు దారివ్వండి."

"ఈయన డ్రైవింగు పరీక్షలు పెట్టేవాడు బాబూ," అంది హైల్వెన్.

లారీ వాడు నా మొహం కేసి చూశాడు. వాడి మొహంలో జాలి కనిపించింది. నా మీద కాదు. "అయితే నిదానంగానే కానివ్వండి," అని తల లోపలికి పెట్టుకున్నాడు.

తర్వాత టీకొట్లో కూర్చున్నాం. వెన్న రాసిన ఎండుద్రాక్ష రొట్టె తెప్పించి ఆమె ముందు పెట్టాను. ముట్టుకోలేదు. బయట సంతని చూస్తూ చెప్పింది.

"పాతికేళ్ళు జిల్లా హద్దు దాటని బండి నడిపాను. ప్రతివారం అవే ఊళ్ళు, అవే మలుపులు. వానొచ్చిన రోజుల్లో హద్దు దగ్గర బండి ఆపి, ఈ రోడ్డు ఇలాగే పోతే ఎక్కడికి పోతుందోనని చూసేదాన్ని. శిలువ కనుమ ఎక్కాలని ఉండేది నాకు. ఉత్తర వేల్స్‌లో అన్నిటికంటే ఎత్తైన రోడ్డు. రిటైరయ్యాక వెళ్దాం అనుకున్నాను. తీరా రిటైరయ్యేసరికి నువ్వు పడ్డావు."

రొట్టెని నా వైపు లాక్కుని ముక్కలుగా కోశాను.

"అందుకే ఇంటికి పోవడం లేదు," అంది. "నీ కోసం కాదు. నా కనుమ కోసం. రొట్టె ఇటివ్వు."

నన్ను నేను సమర్థించుకోవడం కాదు గాని, నాలుగు రోజులు మాట జారకుండా ఉండటం మామూలు విషయం కాదు. రేపట్నుంచి మరింత గట్టిగా. పైగా క్లచ్ విషయంలో నిజం కూడా నా వైపే ఉంది. ఈ వాక్యం ఆమెకు చూపించను.

మే 22, గురువారం. నెస్టా గారి పొలం

అంతా అయిపోయింది. వరసగా రాస్తాను.

దీనస్ మౌద్వి ఊరు దాటాక లోయలోకి మళ్ళాం. ఒక్క బండి పట్టేంత దారి. రెండు పక్కలా నిలువెత్తు పొదలు, పొదల కింద రాళ్ళ గోడలు. అద్దాలు ఆకుల్ని రాసుకుంటున్నాయి. హైల్వెన్ సన్నగా ఏదో పాడుకుంటోంది. నేను మోకాళ్ళ మధ్య చేతులు బిగించి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను.

మలుపు తిరిగేసరికి ఎదురుగా జీపు. దాని వెనక గొర్రెల్ని తోలుకెళ్ళే బండి తగిలించి ఉంది. గొర్రెల బండితో వెనక్కి పోవడం కష్టం కాబట్టి మేమే వెళ్ళాలి. పక్కకి తప్పుకునే చోటు వెనకాల మలుపు దగ్గర ఉంది.

"నేను దిగి దారి చూపిస్తాను," అన్నాను.

"అద్దాల్లో కనిపిస్తోంది గోరొన్వీ. ఇంతకంటే పెద్ద బండి ఇంతకంటే ఇరుకు దారిలో..."

"ఇది డ్రైవింగు గురించి మాట కాదు. ఇది సాయం."

అప్పటికే దిగేశాను. బండి వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఐదు రోజులుగా కట్టేసిన నోరు.

"రా. రా. కుడికి తిప్పు. అంత కాదు. ఇప్పుడు తిన్నగా. చాలా చోటుంది. రా. ఇంకా రా. నీ ఎడమవైపంతా ఖాళీయే. రా..."

అద్దంలో హైల్వెన్ మొహం కనిపించింది. ఏదో అంటోంది. చేత్తో 'రా' అన్నాను.

ఆ చప్పుడు ఎలా ఉందంటే, పెద్ద బిస్కెట్ల డబ్బా మీద ఎవరో కూర్చున్నట్టు.

పొలం గేటుకి ఉన్న రాతి స్తంభం. నా నడుమెత్తు, ఏనుగు కాలంత లావు, సున్నం కొట్టి తెల్లగా ఉంది. వ్యాను ఎడమ వెనక మూల దాని చుట్టూ ముడుచుకుపోయింది. దీపం పగిలి రాలిపోయింది. స్తంభానికి గీత కూడా పడలేదు.

జీపులోంచి ఒక పెద్దావిడ దిగింది. తలకి ఊలు టోపీ, కాళ్ళకి బురద బూట్లు, వెనకాలే ఒంటికన్ను కుక్క. పేరు నెస్టా. ఆ పొలం ఆవిడదే, గేటూ ఆవిడదే.

"మా తాత పాతిన రాయి," అంది. "ఈ లోయలో దాన్ని గుద్దనివాడు లేడు. పోస్టు బండి గుద్దింది, పశువుల డాక్టరు గుద్దాడు. మా పాస్టరు గారు గుద్దినప్పుడు అన్న మాట మాత్రం మళ్ళీ ఆయన నోట వినలేదు."

నేను నవ్వాను. హైల్వెన్ నవ్వలేదు. స్తంభం వంక చూసింది, నేను నిలబడ్డ చోటు వంక చూసింది, మళ్ళీ స్తంభం వంక.

"నీ పక్కనే ఉంది," అంది. "చెయ్యి చాపితే అందేంత దూరంలో. తెల్లగా."

"ఆకులు అడ్డమొచ్చాయి."

"ఏ ఆకులు?"

ఆకుల్లేవు.

"నీకు కనిపించలేదు కదూ?" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది, నేనూ పెంచేవాణ్ణి.

"కనిపించింది. లెక్క తప్పాను. అంతే. జూన్‌లో పరీక్ష ఉంది కదా, చూస్తావుగా. ఆ తర్వాత నేనే నడుపుతాను, ఈ గొడవే ఉండదు."

నెస్టా మా ఇద్దర్నీ చూసి, "బండి పొలంలోకి తిప్పండి," అంది. "పులుసు పొయ్యి మీదే ఉంది. గొర్రె మాంసం, ఉల్లికాడల్లాంటి లీకు ఆకులు. తిన్నాక ఎవరేమనుకున్నా తక్కువే అనుకుంటారు."

తిన్నాం. ఎవరూ ఏమీ అనుకోలేదు.

మే 23, శుక్రవారం. అక్కడే

పొద్దున్నే హైల్వెన్ నెస్టాతో ఏదో మాట్లాడొచ్చింది. పసుప్పచ్చ వానకోటు వేసుకుంది. వాన లేదు. బండి తాళం నా చేతిలో పెట్టింది.

"నీకు కనిపిస్తుందన్నావుగా. నడుపు."

"లైసెన్సు లేదు."

"ఇది రోడ్డు కాదు, ఆవిడ పొలం. గేటు మూసే ఉంది. గొర్రెల్ని అవతలికి తోలేశారు, ఒక నాలుగు మాత్రం మాట వినలేదు. చుట్టూ ఒక్క చుట్టు వెయ్యి. నేనెక్కడ నిల్చున్నానో వచ్చి చెప్పు. చెప్పావంటే జూన్ దాకా ఎందుకు, నేనే నీకు పాస్ ఇస్తాను."

ఎడమ సీట్లో నెస్టా కూర్చుంది, ఒక చెయ్యి హ్యాండ్ బ్రేకు మీద పెట్టుకుని. "నువ్వు గట్టువైపు వెళ్తే లాగేస్తాను," అంది. "ఏమనుకోకు."

తాళం తిప్పాను. ఫిబ్రవరి తర్వాత మొదటిసారి. చేతుల కింద ఆ వణుకు, పాదం కింద ఆ క్లచ్. కళ్ళు తుడుచుకోవాల్సొచ్చింది, అద్దం దించడం వల్ల గాలి. మొదటి గేరు, రెండో గేరు. పచ్చిక మీద మెత్తగా పోతోంది బండి. గొర్రెలు తప్పుకున్నాయి. నన్ను చూస్తే పరీక్ష పెట్టేవాడు కూడా సిగ్గుపడతాడు, అంత బాగా నడిపాను. ఎంత బాగుందంటే ఒక చుట్టుతో ఆపబుద్ధి కాలేదు, రెండు చుట్లు వేశాను.

గేటు దగ్గర ఆపి దిగాను.

"ఇది మోసం," అన్నాను నెస్టాతో. "పొలంలో లేనే లేదు. కొట్టంలో దాక్కుంది."

నెస్టా వంగి కుక్క తల నిమిరింది.

"కొట్టంలోనే కదా?"

"రెండుసార్లూ ఆమె పక్కనుంచే పోయావయ్యా," అంది నెస్టా. "మొదటిసారి చెయ్యి ఊపింది. రెండోసారి పేరు పెట్టి పిలిచింది. ఇంజను చప్పుడుకి నీకు వినిపించలేదేమో."

"లేదు," అన్నాను.

"తల తిప్పి చూడు. కళ్ళు కాదు. తల."

తల తిప్పాను. ఇంకా తిప్పు అంది. భుజం దాటేదాకా తిప్పాను. హైల్వెన్ అక్కడుంది. పసుప్పచ్చ కోటు, పొలమంతటికీ ఆ ఒక్క పసుపు. మేం ఆగిన చోటుకి అంత దూరం కూడా లేదు. ఎప్పుడు నడిచి వచ్చిందో, ఎంతసేపట్నుంచి నా ఎడమ పక్కన నిలబడి ఉందో.

నల్లగా ఉంటే చీకటి అనుకుంటాం. మసకగా ఉంటే మంచు అనుకుంటాం. అక్కడ ఏమీ లేదు. లేదని తెలియనంతగా ఏమీ లేదు. నా పెళ్ళాం ఆ ఏమీ లేని చోట నిలబడి చెయ్యి ఊపింది.

తాళం తీసి ఆమెకిచ్చేశాను. ఎవరూ అడగలేదు, నేనే ఇచ్చాను. తర్వాత గడ్డి మీద కూర్చుండిపోయాను.

కాసేపటికి ఆమె కూడా పక్కన కూర్చుంది. కుడి పక్కన.

"తొక్కేసి ఉంటే?" అన్నాను.

"నీళ్ళ తొట్టి వెనకాల నిల్చున్నాను. సిమెంటు తొట్టి. నేనేమన్నా పిచ్చిదాన్నా?"

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"ఫిబ్రవరి నుంచీ ఎడమ చెంప మీద సగం గీసిన గడ్డంతో తిరుగుతున్నావు, గోరొన్వీ. చర్చిలో అందరికీ తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్తావని చూశాను." గడ్డి పరక ఒకటి పీకి ముక్కలు చేసింది. "జూన్‌లో నువ్వు తప్పితే ఏమైపోతావోనని భయపడ్డాను. నువ్వు పాసైపోతే ఇంకా ఏమవుతుందోనని అంతకంటే భయపడ్డాను."

నాలుగు గొర్రెలూ మళ్ళీ తొట్టి దగ్గరికొచ్చాయి.

మే 24, శనివారం. బాలా చెరువు ఒడ్డు

ముందు ఐవర్‌కి ఫోను.

"నేనే గుద్దాను," అంది హైల్వెన్.

ఫోను లాక్కున్నాను. "అబద్ధం. నేనే గుద్దించాను."

"బావా, నీకు లైసెన్సే లేదు కదా," అన్నాడు ఐవర్.

"లైసెన్సు లేకుండానే, బండిలో లేకుండానే గుద్దాను. అది మామూలు ప్రతిభ కాదు."

ఐవర్ చాలాసేపు ఊపిరి పీల్చాడు. ఆ కుటుంబానికి మౌనవ్రతం పుట్టుకతో వచ్చిన విద్య.

పగిలిన దీపం చోట నెస్టా తన పాత ట్రాక్టరు దీపం ఒకటి తీగలతో బిగించి ఇచ్చింది. బండి వెనక భాగం కన్నుకొట్టిన ముసలాడిలా ఉంది. బయలుదేరేటప్పుడు నెస్టా హైల్వెన్‌తో, "కనుమ మీద పైనించి సైకిళ్ళ కుర్రాళ్ళు రాయిలా దిగుతారు, జాగ్రత్త," అంది. నాతో, "నువ్వు ఊరికే కూర్చో," అంది.

ఊరికే కూర్చున్నాను.

శిలువ కనుమ నిటారుగా ఉంది. దీన్ని ఇంగ్లీషువాళ్ళు నరకాగ్ని కనుమ అంటారు, ఈ ఒక్క విషయంలో వాళ్ళు అతిశయోక్తి చెప్పలేదు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, మధ్యలో మేము, వెనక కన్నుకొట్టే ముసలాడు. బండి మూలిగింది. పైకి చూస్తే రోడ్డు ఆకాశంలోకి పోతోంది. నేనేమీ అనలేదు. ప్రతిజ్ఞ గుర్తొచ్చి కాదు. అనడానికి లోపల ఏమీ దొరకలేదు.

సగం ఎక్కాక హైల్వెన్ అడిగింది. "బాగానే ఉన్నావా?"

"ఊ."

"ఏదన్నా అను."

"ఏమనాలి?"

"ఏదో ఒకటి. ఇంత నిశ్శబ్దంగా ఉంటే శవాన్ని తీసుకెళ్తున్నట్టుంది నాకు."

ఆలోచించాను. "ఆ కింది మలుపు దగ్గరే గేరు దించి ఉండాల్సింది."

"నోరు ముయ్యి," అంది. మొహం మాత్రం వెలిగింది.

పైకెక్కాక ఆపింది. దిగి, చేతులు నడుం మీద పెట్టుకుని అటూ ఇటూ చూసింది. పాతికేళ్ళుగా అనుకున్న చోటు. గాలి మనిషిని తోసేస్తోంది. ఇంత దూరం వచ్చాక ఏదో గొప్ప మాట అంటుందనుకున్నాను.

"ఇక్కడికి పుస్తకాల బండి కూడా ఎక్కేదే," అంది. "ఒక్కసారి పంపమని గ్రంథాలయం వాళ్ళని అడగాల్సింది నేను."

టీ పెట్టుకున్నాం. గాలికి పొయ్యి ఆరిపోయింది. చల్లటి టీ తాగాం.

సాయంత్రం చెరువు దగ్గర కొత్త ఏర్పాటు. నాకు కనిపించని సగం తను చెబుతుంది. నేను తల తిప్పడం నేర్చుకోవాలి. జూన్ పరీక్షకి వెళ్తాను, తప్పుతాను, తర్వాత బస్సు పాసు తీసుకుంటాను. ఇదంతా రాయడానికి తేలికగానే ఉంది. రాసి కాసేపు బయటికెళ్ళి నీళ్ళ దగ్గర నిలబడ్డాను. హైల్వెన్ వెంట రాలేదు. రాకపోవడం మంచిదైంది.

మే 25, ఆదివారం. ట్రవాన్ కొండ కింద

బెతుస్ ఊరు దాటాం. ఎండ. వేల్స్‌లో ఎండ కాసిన రోజే సెలవు రోజు.

హైల్వెన్ నోరు ఆగలేదు. "ఎడమ పక్క రాతి గోడ. గోడ మీద పిల్లి. గోడ అయిపోయింది. రెండు గుర్రాలు. ఒకాయన ప్యాంటు లేకుండా పరిగెత్తుతున్నాడు."

చటుక్కున తల తిప్పాను. ఆవుదూడ.

"తిప్పావా లేదా?" అంది. "ఆసుపత్రి అమ్మాయి చెప్పే వ్యాయామం కంటే ఇదే నయం."

ఆ తర్వాత ఒంటెలు, బిషప్పు, మునిగిపోతున్న ఓడ. అన్నిటికీ తిప్పాను. మెడ పట్టేసింది.

లోయ విచ్చుకునే చోట ఆమె గొంతు మారింది.

"ఎడమ పక్క ట్రవాన్. ఈసారి నిజమే. మబ్బు లేదు. కొస మీద రెండు రాళ్ళూ కనిపిస్తున్నాయి."

ఆ రెండు రాళ్ళని మేం షోన్, షాన్ అంటాం. మొగుడూ పెళ్ళాం. కొండెక్కిన కుర్రాళ్ళు ఒకరి నెత్తి మీంచి ఇంకొకరి నెత్తి మీదికి దూకుతారు.

"ఎలా ఉన్నారు?" అన్నాను.

"షాన్ ఏదో చెప్తోంది. షోన్ వినడం లేదు."

తల తిప్పాను. భుజం దాటేదాకా. ముందు రాళ్ళ వాలు, ఇంకా పైన బూడిదరంగు అంచు, ఆ అంచు మీద పక్కపక్కనే ఇద్దరు. ఎంత దగ్గరగా ఉన్నారంటే మధ్యలో ఆకాశం సన్నటి చీలికలా ఉంది. నిజంగా మనుషుల్లాగే ఉన్నారు. చాలాసేపు చూశాను. పక్కన నిశ్శబ్దం. అంతసేపు నిశ్శబ్దం ఏమిటా అని ఇటు తిరిగాను.

నా పెళ్ళాం కూడా కొండనే చూస్తోంది. స్టీరింగు మీద చేతులుంచి, నోరు తెరుచుకుని. ముందు మలుపు వస్తోంది. మలుపు వెనక చెరువు.

"హైల్వెన్, రోడ్డు."

తిప్పింది. చక్రాలు గులకరాళ్ళు కొరికి మళ్ళీ తారు ఎక్కాయి. రోడ్డు పక్క ఖాళీ చోట ఆపి ఇంజను కట్టేసింది. 

"అన్నావు," అంది చివరికి.

"అన్నాను."

"ఒకటి కాదు. రెండు మాటలు."

"నీ పేరు కలిపితే రెండు."

నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేకపోయింది. స్టీరింగు మీద తల వాల్చి నవ్వింది, హారను మోగింది, పక్కన మేస్తున్న గొర్రె పారిపోయింది. తర్వాత కళ్ళు తుడుచుకుని వ్యాను వెనక్కెళ్ళి పొయ్యి వెలిగించింది. గుడ్లు వేయించే వాసన వస్తోంది. ఇది ముందు సీట్లో కూర్చుని రాస్తున్నాను.

ప్రతిజ్ఞ: రేపు పొద్దున్నుంచి మళ్ళీ మొదలు. ఆమె డ్రైవింగు గురించి ఒక్క మాట కూడా అనను. ఇవాళ మాత్రం బండి ఆపేటప్పుడు ఇండికేటరు వేయలేదన్న సంగతి ఒకటి మిగిలిపోయింది. గుడ్లు తిన్నాక చెప్తాను.